ఇసుక రంగు

సిత్రా క్యాంపు నుంచి
తెల్లారుగట్ల నాలుగింటికి బస్సు.
కాల్పులు ఆగి ఇయ్యాల్టికి పందొమ్మిది రోజులు.
ఫోర్‌మన్ బషీర్ చెప్పిండు:
కంచెకు రంగెయ్యాలె, లోపలికి చూడొద్దు.

చూడకుంట రంగెట్ల కలుపుతరు?
ఇసుక పక్కన పెట్టి సరిచూస్కోవాలె గద.

వల కింద నాలుగు గొట్టాలు,
ఆకాశం దిక్కు లేపిన మెడలు దించలే.
రాత్రి వచ్చిన లారీల టైర్ల జాడ
లోపలికి పోయేటప్పుడు లోతు,
మర్లి వచ్చేటప్పుడు పైపైన.

మెస్సుల టీవీ దూరాలు లెక్కగడ్తది:
వాళ్లది ఎంత దూరం పోతది,
వీళ్లది ఎంత ఎత్తున ఆపుతది.
లస్మన్న ఫోన్ల పటం మీద జాన పెట్టి కొలిచి
"మన మెట్‌పల్లి దాకైతే రాదు" అన్నడు.
ఎవరూ నవ్వలే.
నిన్న కుక్కర్ కూతకే
బంగ్లా పిలగాడు జహీర్ మంచం కిందికి దూరిండు.
ఇంకా బూట్లతోనే పంటున్నం.

నీళ్లకు అవతలి ఒడ్డున
ఎవడో ఇదే రంగు కలుపుతుండొచ్చు,
కొంచెం ఎరుపు ఎక్కువేసి.

జమున ఫోన్ల అడిగింది:
లడాయి ఆగిందట గదా?
ఆగిందని చెప్పిన.
గోళ్ల సందుల రంగు గీక్కుంట
ఓటీ పెరిగిందని గూడ చెప్పిన.