ప్లాట్‌ఫారం నంబరు చెప్పని గది

శౌరమ్మా, నిన్న టిఫిను డబ్బా మూత తీస్తూ
"అక్కడ ఏం చేస్తారక్కా?" అన్నావు.
మందులిస్తారా, కరెంటు పెడతారా,
మనసులోది బయటికి లాగేస్తారా అని.
రెండో షిఫ్టు వాళ్లొచ్చారు, మాట మార్చేశాను.
ఇప్పుడు చెప్తా, విను.

సూర్యారావుపేటలో, రక్తపరీక్షల ల్యాబు మీద రెండో అంతస్తు.
తెలిసినవాళ్లు కనబడతారేమోనని
మెట్ల దగ్గరే కొంగు తల మీదికి లాక్కుంటావు.
కనబడతారు కూడా.
నాకు మన డిపో క్యాషియరు కనబడ్డాడు.
"షుగరు టెస్టుకి" అన్నాను.
"నేనూ షుగరు టెస్టుకే" అని
ల్యాబు దాటేసి నా ముందే పై మెట్లెక్కాడు.

ముందొక కాగితం ఇస్తారు.
నిద్ర పడుతోందా, ఆకలి వేస్తోందా,
బతకాలని లేదనిపించిందా.
గళ్లల్లో టిక్కు పెట్టాలి.
మూడో గడి దగ్గర నా పెన్ను నిలబడిపోయింది.
ఖాళీగా వదిలేశా.
తర్వాత, నెమ్మదిగా, తనే నోటితో అడిగింది.
"ఒక్కోసారి" అన్నాను.
ఉలిక్కిపడలేదు.
"ఎప్పుడెప్పుడు?" అంది,
బందరు బస్సు టైము అడిగినంత మామూలుగా.

పేరు ఫర్జానా గారు. నాకంటే చిన్నది.
అదే కాస్త కొరుకుడు పడలేదు.

నేనది ఎంక్వైరీ కౌంటరనుకున్నానే.
కిటికీలో తల పెట్టి అడిగితే
"ఏడో నంబరు, పదిన్నరకి" అని చెప్పేస్తారని.
పద్దెనిమిదేళ్లుగా మైకు ముందు కూర్చుని
అందరినీ వాళ్ల వాళ్ల ఊళ్లకి సాగనంపినదాన్ని,
నన్నెటు పంపాలో ఒకళ్లు చెబితే చాలనుకున్నా.
చెప్పదు.
"మీకేమనిపిస్తోంది?" అంటుంది.
ఇంటికెళ్లి మా ఆయనతో అన్నాను:
ఎనిమిది వందలు తీసుకుని
నా ప్రశ్నే నాకు చిల్లరిచ్చింది.

మాట్లాడకుండా కూర్చోవడం కూడా ఉంటుంది.
మన దగ్గర మైకు రెండు నిమిషాలు మూగబోతే
కంట్రోలరు పరిగెత్తుకొస్తాడు.
అక్కడ ఎవరూ రారు. ఫ్యాను తిరుగుతుంది.
ఏలూరు రోడ్డు హారన్లలో
ఏది గన్నవరం బండో గుర్తుపట్టేంతసేపు
ఇద్దరం అలా ఉండిపోయాం.

బ్యారేజీ గేట్లెత్తినట్టు
అంతా ఒక్కసారే వచ్చేస్తుందని భయపడకు.
మా సింగ్‌నగర్ కుళాయిలాంటిది.
ముందు గాలి, బుస్సుమని.
తర్వాత తుప్పు నీళ్లు, బిందె పెట్టబుద్ధి కాదు.
మూడో వారం నేనలాగే ఇంటికొచ్చా,
అంతకుముందు లేని తలనొప్పితో,
పిల్లాడి మీద అరిచి, చారులో ఉప్పు మరిచి.
మానేస్తున్నానని చెప్పడానికే నాలుగోసారి వెళ్లా.
"అది కూడా ఇక్కడ మాట్లాడుకోవచ్చు" అంది.
ఒళ్లు మండింది.
ఆ మంట గురించే గంటంతా గడిచింది.

నీకు తెలుసుగా, ఆషాఢంలో ఆ మధ్యాహ్నం
ఒక ఊరి పేరు దగ్గర నా గొంతాగిపోయింది.
పదకొండు సెకన్లన్నారు.
జనం తలలెత్తి స్పీకర్ల వంక చూశారు.
డ్రైవరు దిగొచ్చి
తన బండి బోర్డు తనే చదువుకున్నాడు.
అప్పట్నుంచి ఆ బస్సొస్తే నువ్వే చెప్తున్నావు,
ఎందుకని ఒక్కరోజూ అడక్కుండా.

మొన్న ఏడోసారి వెళ్లినప్పుడు ఆ పేరన్నాను.
మైకు లేదు, ముందు గంట మోగలేదు,
"ప్రయాణికులకు విజ్ఞప్తి" లేదు.

అవనిగడ్డ.

అంతే. ఆపైన నోరు పెగల్లేదు.
గడియారం తను చూడలేదు, నేనే చూశా.

అక్కడ ఎవరున్నారో, ఏం జరిగిందో
నీకూ చెప్తానేమో ఒకరోజు. ఇవాళ కాదు.

నువ్వెళ్తే గురువారం వెళ్లు, మెట్ల మీద రద్దీ తక్కువ.
మూడో గడి ఖాళీగా వదిలేసినా ఏమనదు,
నోటితో అడిగినప్పుడు మాత్రం అబద్ధమాడకు.
తను నచ్చకపోతే
బందరు రోడ్డులో ఇంకొకాయన ఉన్నాడట.

ఇదిగో, రెండూ ఇరవై అయింది.
పన్నెండో నంబరులోకి ఆ బండొస్తోంది.
మైకు ఇటివ్వు...
కాదులే, నువ్వే చెప్పు.
నేను పక్కన కూర్చుంటా.