మూడో జాము, నాలుగో చెరువు

పాత బోర్డు మొన్నటి పిడుక్కి పోయింది.
కొత్తది అరచెయ్యంత.
మొగల్తూరు దాటాక ఈ రేకుల షెడ్డులో
మేత బస్తా మీద దాన్ని పెట్టుకుని కూచున్నాను.

చెరువులో మునిగిన సెన్సరు మాట ఒకటి,
నేను రాసిన జావాస్క్రిప్టుకి తెలిసిన మాట ఇంకోటి.
నడుమ కబుర్లు మోసే లైబ్రరీ ఉంది,
ఎవరో ఎప్పుడో సీ ప్లస్ ప్లస్‌లో కట్టిన గట్టి సరుకు.
దాన్ని నా వైపుకి తిప్పే బైండింగే
ఇంకా ఎక్కలేదు.

ఇన్‌స్టాల్ అన్నాను.
ఈ బోర్డుకి సరిపడే తయారు ముక్క
ఎక్కడా లేదంది. ఇక్కడే కట్టుకుంటానంది.
కట్టుకో అన్నాను.
పైథాన్ ఏదీ అంది.

బోదె దాటి గట్టు చివరికి పోతే గాని
సిగ్నల్ రెండు గీతలు కాదు.
ఫోను అక్కడే వెదురు కర్రకి కట్టేసి వచ్చాను.
పదకొండింటికి పైథాన్ దిగింది.
కంపైలర్ ఏదీ అంది.

పన్నెండింటికి తెరంతా ఎర్ర అక్షరాలు.
కింద నుంచి పైకి చదువుకుంటూ పోవాలి,
మొదటి తప్పే తప్పు,
మిగతావన్నీ దాని వెనకాల ఏడుపులు.

కాపలా నూకయ్య టార్చి ఆర్పి పక్కన చతికిలబడ్డాడు.
"ఏవంటందండీ?"
"హెడర్ ఫైలు కనబళ్ళేదంటోంది."
"ఏది లేదో చెప్తంది కదండీ, నయమే.
మా లాకు తలుపు అదీ చెప్పేది కాదు."

ముప్పయ్యేళ్ళు కాలవ మీద లస్కరు అతను.
పైన నీళ్ళు ఎత్తు, కింద నీళ్ళు పల్లం.
పడవ నడిమి గదిలోకి వచ్చాక
వెనక తలుపు మూసి
ముందు తూము జానెడే లేపేవాళ్ళట.
"తొందరపడ్డారో, ధాన్యం పడవైనా తిరగబడిపోద్దండి. ఆయ్."
నీళ్ళూ నీళ్ళూ సమం అయ్యేదాకా
పడవలో ఎవరూ మాటాడరట.

నేనూ మాటాడకుండా హెడర్ల పొట్లం దింపాను.

ఒకటింపావుకి కట్టింది.
ఒకటిన్నరకి చప్పుడు లేకుండా కూలింది.
కబురు వచ్చిన మాట నిజమే,
అందించీ అందించగానే లైబ్రరీ తన జాగా ఖాళీ చేసుకుంది,
ఇవతల నేనింకా చదువుతూనే ఉన్నాను,
లేని బస్తాలో చెయ్యి పెట్టి.

ఇదంతా అతనికి ఎలా చెప్పానో నాకే తెలీదు.
"సరుకు దించుకున్నోడు సంతకం పెట్టేదాకా
బస్తా పడవోడి పూచీయేనండి.
రేవులో తగువులన్నీ దాని మీదే."

ఆ ఒక్క చోట మూడు పంక్తులు మార్చాను:
చదవడం అయ్యాక నేను చెప్తాను,
అప్పుడు వదిలెయ్యి.

మళ్ళీ కట్టమంటే బోర్డు పెనంలా కాలింది.
మేత లెక్కల పుస్తకంతో దానికి విసురుతూ కూచున్నాను,
జొరమొచ్చిన పిల్లకి విసిరినట్టు.

మూడుకి పది తక్కువలో
నూకయ్య ఠక్కున లేచాడు.
గాలి ఒకసారి ఎగబీల్చి
నాలుగో చెరువు వైపు పరిగెత్తాడు.
ఏరియేటర్లు మొత్తుకున్నాయి,
చీకట్లో తెల్లగా నురగ.

ఆ తర్వాతే, రెండు నిమిషాలు ఆగి,
తెర మీద మొట్టమొదటి కబురు:
చెరువు నాలుగు, ఆక్సిజన్ రెండు పాయింట్ తొమ్మిది.
ఇంకోటి: మూడు.
ఇంకోటి: మూడు పాయింట్ రెండు.

తడికాళ్ళతో వచ్చాడు.
"ఏవంటందండీ?"
"నువ్వన్నదే."
"ఆలీసంగా."
"ఆలస్యంగానే. కానీ ఇరవై రెండు చెరువులకీ
నీ ముక్కు ఒక్కటేగా నూకయ్యా."
కాసేపు ఆలోచించాడు.
"నిజవేనండి. పైగా ఈ మంచుకి జలుబొకటి."

పుస్తకంలో అతని కొక్కిరి రాత:
సాయంత్రం మేత నలభై కేజీలు, ట్రేలో మిగులు లేదు.
దాని కింద నేను రాశాను, తర్వాత వచ్చేవాళ్ళకి:
ముందు పైథాన్. ఆపైన కంపైలర్, మేక్.
హెడర్లు మర్చిపోవద్దు.
చదవడం అయ్యేదాకా జాగా వదలొద్దు.
తేదీ వేసి, ఏసుమణి అని సంతకం పెట్టాను.

గట్టు చివర వెదురు కర్రకి
ఫోను ఇంకా కట్టే ఉంది,
మంచులో తడుస్తూ, రెండు గీతలతో.