నూనె డబ్బా రేకు

"ఆరిపోతాంది రెడ్డెమ్మా,
నాలుగు చెంబులు పోసుకునే లోపల"
అనింది వసుంధర ఫోన్లో.
మార్గశిరం. తెల్లారి అయిదున్నర.
కొర్లగుంట నుంచి స్కూటీ మీద వస్తాంటే
కొండ కనపడలా,
మంచు మింగేసి కూర్చోనుండాది.

స్నానాల గదిలో గోడకి తెల్ల పెట్టె.
గ్యాస్ గీజరు, పదేండ్లనాటిది.
ముందు చూడాల్సినవి ముందు చూసినా.
లావు సెల్లులు రెండూ కొత్తవే.
కుళాయి తిప్పితే టిక్ టిక్ టిక్
బల్లి పలికినట్టు పలుకుతాంది.
నీళ్లొచ్చే చోట జల్లెడ ఊడదీస్తే
బోరు ఉప్పు, సున్నం పెచ్చుల్లాగా గట్టిగా.
పాత బ్రష్షు, పిండేసిన నిమ్మచెక్క,
ఈ ఊరి నీళ్లకి అంతకు మించి మందు లేదు.
రబ్బరు ట్యూబు మీద తేదీ అరిగిపోయింది.
తేదీ కనపడలేదంటే చెల్లిపోయినట్టే లెక్క, మార్చినా.
అతుకులకి సబ్బు నురగ పూసి
ఊపిరి బిగబట్టి చూసినా.
ఒక్క బుడగ లేవలా.

అన్నీ సరే.
మంట మటుకు పసుపు.

నీలం మంట పనిమంతురాలు,
తల వంచుకోని తన పాటికి తాను కాలతాది.
పసుపై ఎగిరిందంటే
గాలికోసం నోరు తెరిచినట్టు.
దామోదరం మేస్త్రి నాకు స్పానరు ఇచ్చిన రోజు చెప్పినాడు:
"గ్యాసు వాసనొస్తే మంచిదే పాపా,
అది మనల్ని పేరు పెట్టి పిలస్తాంది.
వాసన లేనిది ఇంకోటుండాది,
కాలీ కాలని మంటలో పుడతాది.
దానికి భయపడు."

"నీళ్లు పోసుకున్నాక తల నొస్తాదా నీకు?"
ఆలోచించింది వసుంధర.
"నొస్తాది. నిద్ర చాలకేమో అనుకున్నా.
పాపకి కూడా.
బడి ఎగ్గొట్టను నాటకాలని
మొన్న ఒకటేసినా."
ఆ మాటన్నాక ఇంకేం మాట్లాడలా కాసేపు.

తలెత్తి చూసినా.
గాలి కిటికీకి క్యాలెండరు అట్ట,
నాలుగు పక్కలా టేపు.

నాకంటే ముందు ఇద్దరు మెకానిక్కులు వచ్చిపోయినారంట.
వాళ్లకి చెప్పలేదు,
తలుపు దగ్గరికేసి నాకు చెప్పింది.
వెనక ఖాళీ జాగాలో లాడ్జి లేసింది.
నాలుగంతస్తులు, గదికొక బాల్కనీ.
దర్శనం చేసుకోని వచ్చినోళ్లు
గుండ్లకి గంధం పూసుకోని
తడి పంచెలు ఆరేస్తా నిలబడతారు.
చూస్తారో లేదో దేవుడికెరుక.
"చూడకపోయినా చూసినట్టే ఉంటాది రెడ్డెమ్మా."

అవును, ఉంటాది.

కానీ ఈ పెట్టె
రోజూ తాను ఆరిపోయి మిమ్మల్ని బతికిస్తాంది.
దాన్ని రిపేరు చెయ్యమని నన్ను పిలిచినారు.

"బయట గోడకి మార్పించల్ల దీన్ని."
"ఓనరు బాడుగ పెంచుతాడు."
"అందాకా బక్కెట్లో పట్టుకో,
పెట్టె ఆపు, తలుపు తీసిపెట్టు,
గాలాడినాక పోసుకో."
తలూపింది. చేస్తాదో చెయ్యదో.

వంటింట్లో ఖాళీ శెనిగనూనె డబ్బా ఉంటే అడిగినా.
రేకు కత్తెరతో ఆరు పట్టీలు.
అంచులు మడిచి, బయటికి వాలేటట్టు
ఒకదాని కింద ఒకటి బిగించినా.
బొటనవేలు తెగింది, ఆమె పసుపు అద్దింది.
గాలి రావల్ల, చూపు రాకూడదు.
ఇంతే కదా అడిగింది.

కుళాయి తిప్పినా.
టిక్ టిక్, భగ్.
నీలం.

ఇంటికి పోవాల్సినదాన్ని
స్కూటీ లాడ్జి ముందర ఆపినా.
గీజరు రిపేరని చెప్పి మూడో అంతస్తుకెక్కినా.
మెకానిక్ సంచి ఉంటే ఎవురూ అడగరు.
బాల్కనీలో ఒక గుండు పిలగాడు పండ్లు తోముకుంటా
"ఏం చూస్తాండావక్కా?"
"నా పని."

వంగి చూసినా, పక్కకి జరిగి చూసినా,
ముని వేళ్ల మీద లేసి చూసినా.
సగానికి తెగిన శెనక్కాయ బొమ్మ,
దాని సందుల్లోంచి సన్నగా ఆవిరి.

వసుంధరకి ఫోన్ చేసినా.
తియ్యలేదు.
స్నానం చేస్తా ఉంటాది.