ఉమ్మడి గోడ

పాత పోస్టాఫీసు దాటాక రెండో సందులో
ఒక మేడని నిలువునా మూడు ముక్కలు కోశారు.
నడిమి ముక్క నాది.
ఇరవై ఏళ్ళ వాయిదాలు.
అంటే కేజీహెచ్‌లో ఎన్ని నైట్ డ్యూటీలో
అక్కడికక్కడే లెక్క కట్టి చెబితే
బ్యాంకు కుర్రాడు నవ్వాడు, నేను నవ్వలేదు.

పంపకంలో పాత టేకు మెట్లు పక్క వాటాకి పోయాయి.
మెట్ల చప్పుడు నాకొచ్చింది.
దస్తావేజులో ఆ సంగతి లేదు.
తూర్పు: మునిసిపాలిటీ పార్కు ప్రహరీ.
పడమర: ఉమ్మడి గోడ.
నాకు ఇనప చుట్టుమెట్లు బిగించారు;
తిరిగి తిరిగి పైకెళ్ళేసరికి
ఎందుకొచ్చానో మర్చిపోతాను.

"సముద్రం కనిపిస్తుందమ్మా" అన్నాడు బ్రోకర్ లాజరస్.
ఏదీ అంటే బాత్రూమ్ వెంటిలేటర్ చూపించాడు.
బకెట్ బోర్లించి ఎక్కాను.
రెండు క్రేన్ల మధ్య
చీరంచంత నీలం.
అబద్ధమాడలేదు పాపం.

సూరప్పడు మేస్త్రి గోడ గీకుతుంటే
క్రీము రంగు, దాని కింద ఆకుపచ్చ,
దాని కింద నీలిమందు కలిపిన సున్నం,
ఇంకా కింద, ఎవరూ ఎంచుకోని ఒక తెలుపు.
అక్కణ్ణుంచి చీమలు బారు తీరాయి.
"బెల్లమమ్మా" అన్నాడు.
"గానుగ సున్నంలో బెల్లంనీళ్ళు, కరక్కాయనీళ్ళు పోసీవోరు.
కూలోళ్ళ పిల్లలు తాపీ నాకీసీవోరట,
మా తాత సెప్పీవోడు."
ఆ ఒక్క గోడకి సిమెంటు వద్దన్నాను.
"సెమ్మొస్తాది" అన్నాడు.
రానీ అన్నాను.
వస్తోంది.

బొగ్గు ఓడ ఎప్పుడు దిగిందో
పేపరు చూడక్కర్లేదు,
దండెం మీద తెల్ల యూనిఫాం చెబుతుంది.
కొత్త అద్దాలు పొద్దున తుడిస్తే
సాయంత్రానికి వేలితో పేరు రాసుకోవచ్చు.
పార్కులో ఎర్రయ్య పైపు పట్టుకుని
చెట్లకి ఆకులు కడుగుతుంటాడు.
నీళ్ళు వేళ్ళకి కదా పొయ్యాలి, అని కిటికీలోంచి అడిగాను.
"ముందు మొహాలు కడగాలి కదమ్మా" అన్నాడు,
నా వార్డులో పొద్దుటి పూట
నేను ఆయాలతో అనే మాటే.

డ్యూటీ లేని రాత్రి నాకు నిద్ర రాదు.
మూడున్నరకి హబీబున్నీసా గారి అబ్బాయి
ఫిషింగ్ హార్బర్‌లో చేపల వేలానికి దిగుతాడు.
గోడ అవతల పదిహేడు మెట్లు.
పదకొండోది వదులు, కాస్త మూలుగుతుంది.
అతని ముఖం నేను సరిగ్గా చూడలేదు,
ఎడమ కాలు కొంచెం ఈడుస్తాడని మాత్రం తెలుసు.

నిన్న పదహారే వినిపించాయి.
లేచి కూర్చున్నాను.
ఇన్నేళ్ళ ఉద్యోగం,
ఆగిపోయిన చప్పుడే నన్ను లేపుతుంది.
పిలవాలా? ఏమని పిలవాలి?
గోడకి చెవి ఆన్చాను.
అటువైపు అగ్గిపుల్ల గీసిన చప్పుడు,
దగ్గు,
ఆ తర్వాత, తీరిగ్గా, పదిహేడోది.

చెంప తడిగా ఉంది.
గోడ చెమ్మే.
వేలితో తుడిచి నాలిక మీద పెట్టుకున్నాను,
చూసేవాళ్ళెవరూ లేరు కదా.
ఉప్పు.
చీమలు మాత్రం
ఇంకా వస్తూనే ఉన్నాయి,
పక్కవాళ్ళ వైపు నుంచి.