తోడు

మా రెండిండ్ల నడుమ ఒకటే గోడ.
అటు దిక్కు మగ్గం, ఇటు దిక్కు నా మంచం.
కొత్తవాడల ఇది మామూలే.
జంపఖానా అంచుకాడికొచ్చి నాడె మారిస్తే
పండుకున్న కాడికెల్లే నాకు తెలుస్తది.

ప్రవళికకు ఐదో నెల పడ్డంక
మగ్గం ఆగినప్పుడల్లా
ఊపిరి బిగవట్టుడు నేర్చుకున్న.
ముందు గ్లాసు పడ్డ సప్పుడు. ఆ వెనుక వాని గొంతు.
ఆ వెనుక ఆమె గొంతు రావాలె గదా,
రాదు.

తెల్లారి దేవేందర్ పచ్చి మామిడికాయలు తెస్తడు,
ఉప్పుకారం పొట్లం సుత మరువడు.
వాడకట్టంత చూసి ‘పెండ్లామంటే ఎంత పానమో’ అంటది.
ఆమె మండుటెండల
కొంగు కడుపు మీద రెండు సుట్లు తిప్పుకుంటది.
ముఖం మాత్రం కడిగిన పళ్ళెం, ఒక్క మరక లేదు.
ముఖం జోలికి పోడు వాడు.
తెలివిగల్లోడు.

పంచాయితి పెట్టే నోరు నాకు లేదు,
ఠాణా మెట్లెక్కే ధైర్యం లేదు.
ఉన్నదల్లా ఒక స్టీలు గిన్నె.
రాత్రి పదిన్నరకు పోయి తలుపు కొట్టిన.
“పిల్లా, జరంత తోడు ఉన్నదా? పాలు తోడెయ్యాలె.”

దీపాలు పెట్టినంక ఎవరన్న పెరుగు అడుగుతరా!
అడిగిన.
తీసెదాక కొట్టిన.
చెంచెడు పెరుగు పట్టుకొని ఆమె వచ్చింది,
నా గిన్నె అంచుకు చెంచ టింగుటింగున తాకుతున్నది.
వంకాయల ధర అడిగిన. నల్లా ఎప్పుడొస్తదో అడిగిన.
లోపల వాడు అటు తిరిగి పండుకునెదాక
గడప మీద నిలబడి ముచ్చట వెట్టిన.

నెలల పదకొండు సార్లు.
మా ఇంట్ల పెరుగు తినెటోళ్ళే లేరు.
“వచ్చిందిరో పెరుగు ముసల్ది” అని ఒకపారి నవ్విండు.
నవ్వనీ.
నవ్వినంతసేపు ఆ చేతులకు పని లేదు.

నాకు ఏడో నెలల పోయింది.
నల్లాకాడ జారిపడ్డదని అత్తమ్మ చెప్పింది.
నేను సుత అదే చెప్పుకుంట వచ్చిన, ముప్పై ఒక్క ఏండ్లు.
గప్పుడు సుత ఈ గోడ ఉండె.
గోడ అవతల ఐదుగురుండిరి.
ఒక్కలకన్న
ఆ రాత్రి పెరుగు తక్కువ వడలే.

మొన్న శుక్రారం తలుపు మోగింది. నాది.
కాళ్ళకు చెప్పులు లేవు, చంకల దవాఖాన కార్డు,
చేతుల గిన్నె లేదు.
“పొద్దటి సంది కదుల్తలేదత్తా.”

యాకయ్య ఆటో. పోచమ్మ మైదాన్, ఎంజీఎం ముంగట గుంతలు.
గుంత వచ్చినప్పుడల్లా
సంటిపిల్లను దించినట్టు బండిని దించిండు యాకయ్య.
ఒక్క మాట అడగలే.

హన్మకొండ దవాఖానల సిస్టరు తల ఎత్తకుంటనే
“జారి పడ్డదా?” అన్నది. అనుకుంటనే రాసింది.
“జారలే.”
అన్ని నెలలు గోడకు చెవి పెట్టిన గని
గంత గట్టిగ ఆమె గొంతు నేనెన్నడు వినలే.
“జారలే. ఆయన తన్నిండు. ఆ మాట కొట్టెయ్యిండ్రి.”
కొట్టేసింది.
నీలి పెన్ను గీత ఒక్కటి.
నేను దాని దిక్కే చూసుకుంట నిలబడ్డ.

“తోడెవలు?”
“నేను.”
“ఏమైతవు?”
అత్తనా, చిన్నమ్మనా, ఏమని చెప్పుదు.
“గోడ అవతలోళ్ళం” అన్న.
రాసుకున్నదో లేదో.

కడుపు మీద మిషిని పెట్టి వెదికిర్రు.
ఎడమకు. కిందికి. మల్ల ఎడమకు.
ఫ్యాను కిర్రుకిర్రుమంటున్నది.
సిస్టరు ఇంకింత జెల్లు పూసింది.
మల్ల కిందికి—
దొరికింది. ఉరుకుతున్న చిన్న మగ్గం.
ప్రవళిక ఉలిక్కిపడి
కడుపుకు రెండు చేతులు అడ్డం పెట్టుకున్నది.
సప్పుడైతే అట్ల పెట్టుకునుడు అలవాటైంది.
“అది కాదు బిడ్డా, ఇది వేరే” అన్న.
చేతులు తియ్యడానికి చానసేపు పట్టింది.

ఇంట్ల పాలు పొయ్యి మీదనే మరిచొచ్చిన.
ఈ పాటికి ఇరిగిపోయి ఉంటయి.
పోనీ.