నువ్వుగింజంత వెలుతురు

ఆదివారం పొద్దున, త్బిలిసీలో పొడివంతెన మీద
దుప్పట్లు పరిచి అమ్ముతారు
లేకుండా పోయిన ఒక దేశపు సామాన్లు:
పతకాలు, కటకాలు, డయల్ ఊడిన టెలిఫోన్లు,
ఎవరి నోటివో తెలియని వెండి చెంచాలు.
లమారా ముందు, నేను వెనక.
నా జేబులో ఆమె కట్టర్, రుమాల్లో చుట్టి.

మొన్న ఆమె రొట్టెకని వెళ్ళినప్పుడు
దాంతోనే నా గిటారు తీగ కత్తిరించాను.
అన్నంలో రాయి తగిలినట్టు చిన్న చప్పుడు.
రాగిని కోయడానికి పుట్టిన దవడలు
ఉక్కును కొరికాయి.
నేను చెప్పలేదు.
మర్నాడు చెవిమిషన్ లోపలి తీగ ఒకటి,
వెంట్రుక కన్నా కాస్త లావు,
తెగకుండా మడతపడి అక్కడే ఇరుక్కుంది.
ఆమె కట్టర్ మూసి కిటికీకేసి ఎత్తింది.
మూసిన నోట్లోంచి నువ్వుగింజంత వెలుతురు.
ఇరవై రెండేళ్ళ కట్టర్.
"ఆదివారం ఖాళీయేనా, ఇయా?" అంది. అంతే.

జుంబెర్ దుప్పటి మీద కట్టర్లు గుట్టగా ఉన్నాయి.
కంచెలు కోసే మోటువి, ఎద్దు మెడంత పిడులవి.
నా కన్ను ఎర్రపిడి దానిమీద పడింది, తళతళా మెరుస్తోంది.
"పెళ్ళిచూపులకి రాలేదు మనం" అని
లమారా దాన్ని మూసి ఆకాశానికి పట్టింది.
వెలుతురు. పక్కన పెట్టింది.
ఇంకోటి. కీలు దగ్గర ఊగులాట, ముసలి పన్నులా.
ఇంకోటి. స్ప్రింగు మరీ బిగువు;
"సాయంత్రానికి మణికట్టు ఏడుస్తుంది."

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు.
నోరొక్కటే చాలదట, వీపు కూడా చూడాలట.
"చదునుగా ఉందా? బోర్డుకి ఆనించి కోస్తే
మొన మిగలకూడదు.
మిగిలిన మొన పక్క తీగను తాకిందా,
ఎక్కడో ఒక ముసలాయన చెవిలో
రాత్రంతా ఈల."

చివరికి గుట్ట అడుగునుంచి ఒకటి తీసింది:
నల్లగా, పొట్టిగా, పిడి తొడుగు సగం చిరిగి.
వెలుతురు రాలేదు.
తలలోంచి ఒక నెరిసిన వెంట్రుక పీకి
దవడల మధ్య పెట్టింది.
తెగింది. చప్పుడు లేదు.
జుంబెర్ నలభై లారీలన్నాడు.
లమారా నవ్వింది. అతనూ నవ్వాడు.
వాళ్ళిద్దరూ ఆవలిస్తే పేగులు లెక్కపెట్టుకునేవాళ్ళే.
ఇరవైరెండుకి తెగింది బేరం.

"పట్టుకో" అని నా చేతిలో పెట్టింది.
నేను మూశాను. వదిలాను. దానంతటదే తెరుచుకుంది,
అరచేతిలో ఊపిరి తీసుకున్నట్టు.
అప్పుడు అర్థమైంది,
ఆమె చేతికిది చాలా చిన్నది.

"మరి మీకు?"
నా జేబులో చెయ్యి పెట్టి, రుమాలు విప్పి,
పాతదాన్ని తన సంచిలో వేసుకుంది.
"మొన దగ్గర ఇంకా కోస్తుంది. కొంచెం తిప్పి పట్టాలి."

మెట్రో కదిలింది. ఎదురుగా ఒకామె
తర్హున్ కట్టల సంచిని ఒళ్ళో పెట్టుకుని కునుకుతోంది,
పెట్టెంతా ఆకు వాసన.
"కోసేటప్పుడు కొసమీద వేలుంచు,
లేకపోతే ముక్క ఎగిరి కన్ను వెతుక్కుంటుంది" అంది లమారా.
సరే అన్నాను.
అవ్లబారి దాటాక, కిటికీలో చీకటిని చూస్తూ
"ఏ తీగ?" అంది.
గొంతు పెగలడానికి ఒక స్టేషన్ పట్టింది.
"మొదటిది. సన్నది."
తలూపింది.
"ఉక్కుకి వేరే కట్టర్ ఉంది.
బల్లకింద ఎడమ సొరుగు. గట్టిగా లాగాలి,
బిగుసుకుపోతుంటుంది."