మోకాలెత్తు కంచె

రాత్రి రెండు. గ్రోనింగెన్‌లో వాన.
సైకిళ్ల షాపులో పంక్చర్లేసొచ్చిన వీట్స్కె
నిన్ననే మూడు తలల డ్రాగన్ని నరికింది.
ఇవాళ మోకాలెత్తు కంచె దాటలేకపోతోంది.

ఎగిరితే గాలే గోడవుతుంది.
గుట్ట ఎక్కబోతే
సబ్బు రాసినట్టు జర్రున కిందికి,
మళ్ళీ.
కూతవేటులో కోట, కిటికీల్లో దీపాలు కూడా.
మ్యాపేమో చిత్తడి చుట్టూ
గంటన్నర నడవమంటుంది.

పుట్టి బుద్ధెరిగాక
కాలవ మీది వంతెన కన్నా ఎత్తేదీ ఎక్కని మనిషి
కొండల్ని తిడుతోంది,
ఎవరు పడేశార్రా వీటినిక్కడ అని.

హెడ్‌ఫోన్లో నరిన్ నుంచి ఎసెన్ నవ్వాడు:
"మా కనుమ మూసేశారు, మంచు. మే దాకా అంతే.
అక్క అవతలి లోయలో ఉంది.
పద, చుట్టు తిరిగే పోదాం, నాకలవాటే."

ఆ తర్వాత మాటల్లేవు.
చిత్తడిలో రెండు జతల బూట్ల చప్పుడు,
రెండిటికీ ఒకటే రికార్డింగు.